నులక మంచం మీద నేర్చిన ఊడ్పు పాట

పెళ్ళయి రాజోలు వైపు పేటకి కాపురానికి వచ్చిన కొత్తలో నేను భయపడింది మా అత్తకి కాదు, మంచానికి. అది నులక మంచం. నులక సాగి మధ్యలో గొయ్యి పడింది. ఇద్దరం పడుకుంటే ఇద్దరం ఆ గోతిలోకే జారేవాళ్ళం. ఒకరు చెయ్యి తీస్తే రెండోవారి నడుం ఊగేది. కాలు చాపితే నాలుగు కోళ్ళూ కిర్రుమనేవి. మా ఆయన నిద్ర మహా పలచన. పిల్లి చూరు మీద నడిచినా తెలివి వచ్చేసేది, వస్తే మళ్ళీ పట్టేది కాదు. కింద చాప వేసుకుందామంటే అది వానాకాలం, నేల చెమ్మగిల్లి జెర్రులు తిరిగేవి.

ఆయన నిద్రకి అంత విలువ ఎందుకంటే, ఆయన పని కొబ్బరి చెట్ల దింపు, చెట్టెక్కి కాయలు కోసి దించడం. తెల్లవారగానే కాళ్ళకి తాడు బందం తగిలించుకుని, నడుముకి కత్తి దోపుకుని చెట్టెక్కాలి. పొద్దు వాలేలోగా ముప్పై, నలభై చెట్లు. కింద ఉన్నవాళ్ళకి కునుకు వస్తే తూలతారు, అంతే. పైన ఉన్నవాడికి కునుకు వస్తే ఇంకేముంది. అందుకని రాత్రిపూట నేను కట్టెలా పడుకోవడం నేర్చుకున్నాను. దోమ కుట్టినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు.

ఇక పాట సంగతి. నేను మెట్ట పిల్లని. మా పుట్టింటి నేల జొన్నా గంటీ పండే నేల. బురదలో వంగి, వెనక్కి నడుస్తూ నారు గుచ్చడం నేను ఎరగను. ఇక్కడేమో ఆనకట్ట కట్టి, కొత్త కాలవ తవ్వాక చూసినంత మేరా వరి చేలే. కాలవ నీళ్ళు వంతుల మీద వదిలేవారు. వంతు నీళ్ళు ఉండగానే ఊడ్పులు అయిపోవాలి. ఏ జట్టు చురుకో తేల్చుకోవడానికి ఆ ఊరి కామందు ఒక పద్ధతి పెట్టారు. కాలవ గట్టు పక్కన ఆయనకి పెద్ద మడి ఉండేది. ఏటా ముందు ఆ మడిలో మా పేట ఆడవాళ్ళని ఒక వైపు, అవతలి పేట ఆడవాళ్ళని ఇంకో వైపు దింపేవారు. రెండు రోజుల పని. తమ సగం ఎవరు ముందుగా, వంకర లేకుండా ఊడుస్తారో వాళ్ళకే ఆ ఏడు ఆయన చేలన్నీ. మిగతా రైతులూ ఆయన పిలిచిన జట్టునే పిలిచేవారు.

మా జట్టు రెండేళ్ళు వరసగా ఓడిపోయింది. ఓడిన ఏడు మా పేట ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకన వేసుకుని, పడవెక్కి, గోదావరి నడుమ పరాయి లంకలకి కూలికి పోవలసి వచ్చేది. నేను వచ్చిన ఏడు కూడా ఓడితే మూడో ఏడు అవుతుంది.

చేతులు లేక కాదు, పాట లేక. ఊడ్పుల్లో ఒకరు పాట ఎత్తుతారు, మిగతావాళ్ళు అందుకుంటారు. పాట సాగినంతసేపూ చెయ్యి సాగుతుంది. పాట ఆగిందా, వంగిన ప్రతివాళ్ళకీ నడుం నొప్పి గుర్తుకొస్తుంది. ఒకావిడ లేచి నిలబడుతుంది, ఇంకొకావిడ చుట్ట వెలిగిస్తుంది. మా జట్టుకి పాట ఎత్తేది మా ఆయన నాయనమ్మ. పేటంతా ఆవిడని మామ్మ అనేవారు. ఆవిడది ఏడు పాయల పాట. ఒక ఆడపిల్ల పుట్టింటి నుంచి నారుకట్ట నెత్తిన పెట్టుకుని గోదావరి ఏడు పాయలూ దాటుకుంటూ అత్తింటికి పోతుంది. పాయపాయకీ నది అడ్డం నిలబడి ఏదో ఒకటి ఇమ్మంటుంది. పొద్దున్న ఎత్తితే పొద్దుపోయేదాకా సరిపోయే పాట. మామ్మకి మోకాళ్ళు పట్టేసి మడిలోకి దిగడం మానేసిన దగ్గరనుంచే మా ఓటమి మొదలు. పక్కనే ఉండి ఏళ్ళ తరబడి అందుకున్న మా అత్తకి కూడా వచ్చింది ఒక్క ముక్కే, "దారియ్యవమ్మా" అని అందుకునే ముక్క.

మామ్మని అడిగి నేర్చుకోవచ్చు కదా అంటారేమో. అడగని వాళ్ళు లేరు. ఊడ్పు పాట తడి కాళ్ళతో పాడాలి, ఆరిన నేల మీద నోరు విప్పి పాడితే నారు ఎర్రబడి పోతుంది అని మావాళ్ళ నమ్మకం. మామ్మకి అది నమ్మకం కాదు, ప్రాణం.

"పోనీ గట్టు మీద కూర్చుని ఎత్తు అత్తా. మేం మోసుకెళ్తాం" అని మా అత్త ఆవిడ చెవి దగ్గర అరిచింది. మామ్మకి అప్పటికి బాగా చెవుడు.

"గట్టు మీద కూర్చుని పాడ్డానికి అదేవన్నా పేరంటం పాటేంటే. వంగినోళ్ళే ఎత్తాలి."

"మరి నువ్వు పోయేక?"

"నేను పోయేక మీరు ఊడిచేరో మానేరో చూట్టానికి నేనుండనుగా."

ఆ మాటతో అందరూ లేచిపోయారు.

మామ్మ పడక మా గదికి ఆనించి దించిన చుట్టుపంచలో. మధ్యన గోడ లేదు, మట్టి మెత్తిన కొబ్బరాకు తడిక ఒకటే అడ్డం. అత్తామామలు వీధి వసారాలో పడుకునేవారు. వానలు పడ్డ మొదట్లో ఒక రాత్రి నాకు నిద్రపట్టక పడుకుని ఉంటే, తడిక అవతల నుంచి సన్నగా గొణుగుడు వినబడింది. మొదట దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. కాస్త తల ఆ పక్కకి ఒరిగించి వింటే రెండు ముక్కలు తెలిశాయి.

నెత్తిన నారుకట్ట, నడుములోతు నీరు,
పాయమ్మ పాయమ్మ దారియ్యవమ్మా.

అది ఏడు పాయల పాటే. ముసలావిడకి నిద్ర లేదు. పాట మనసులో తిప్పుకుంటోంది. చెవుడు కాబట్టి మనసులో అనుకుంటున్నది పెదవుల మీదికి వస్తోందని ఆవిడకే తెలియదు.

పొద్దున్న ఊరికే కదిపి చూశాను. "మామ్మా, రాత్రి పాడుకున్నావా?"

"నోరు మంచిదేనా నీది. ఆరిన నేల మీద నేనెందుకు పాడతానే."

నేను మరి మాట్లాడలేదు. చెబితే జాగ్రత్త పడి ఆ గొణుగుడు కూడా మానేస్తుంది.

మూడు రాత్రులు మంచం మీదే తడిక వైపుకి జరుగుతూ విన్నాను. జరిగినప్పుడల్లా కోళ్ళు కిర్రుమనేవి. ఆయన లేచి కూర్చుని "ఏంటే" అనేవాడు. "ఏం లేదు మావా" అనేదాన్ని. తరవాత ఆయన నిద్రపట్టక అటూ ఇటూ పొర్లుతుంటే నాకూ వినబడేది కాదు. నాలుగో రోజు పొద్దున్న ఆయన్ని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. సగం చెట్టు దిగాక పట్టు తప్పి జారాడట. రొమ్ము మీద తోలు లేచిపోయింది.

"కళ్ళు మూతపడ్డాయే. రాత్రి ఆ మంచం గోలకి నిద్ర చాల్లేదు" అన్నాడు, నేను కొబ్బరినూనె రాస్తుంటే. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను, మరి మంచం మీద కదలనని. పాట పోతే పోయింది.

వారం రోజులు కదలలేదు. పాట మాత్రం రోజూ అవతల జరుగుతూనే ఉండేది, నాకు అందకుండా.

ఎనిమిదో రోజు పొద్దున్న పొయ్యి ఊదుతున్నాను. వానలని పొయ్యి మా గదిలోకే, ఆ తడిక పక్కకి మార్చారు. తడి పుల్లలు, రాజుకోవు. ఊదీ ఊదీ గొట్టం తడికకి చేరవేసి, వంగి పొయ్యిలోకి చూస్తుంటే గొట్టం చివర నా చెవికి ఆనింది. రెండో చివర తడికకి ఆని ఉంది. అవతల మామ్మ తమలపాకు నములుతున్న చప్పుడు నా చెవిలో నములుతున్నట్టే వినబడింది. అది మూరన్నర పొడుగు వెదురు గొట్టం. కణుపులు పొడిచి పొయ్యి ఊదడానికి చేసుకున్నది. నేను పొయ్యి సంగతి మరిచిపోయి అలాగే ఉండిపోయాను. మా అత్త వచ్చి "నిప్పు చెవితో ఊదుతున్నావేంటే" అనేదాకా తెలియలేదు.

ఆ సాయంత్రం మంచం తలాపి దగ్గర, తలగడ ఎత్తులో, తడిక మట్టి గోరుతో గిల్లి గొట్టం పట్టేంత కన్నం చేశాను. అవతలి చివర సరిగ్గా మామ్మ తలగడ దగ్గర తేలింది. రాత్రి ఆయన పడుకోకముందే నేను పడుకుని, చెవి గొట్టానికి ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఆయన వచ్చాడు, పడుకున్నాడు, గుర్రు మొదలెట్టాడు. అవతల పాట మొదలైంది. నేను కదలలేదు, మంచం కదలలేదు. పాట ఒక్కటే కదిలింది. ఆడపిల్ల మొదటి పాయ దగ్గర నిలబడింది. దారిస్తే నాకేమిస్తావే అని పాయ అడిగింది. కాలి కడియం ఇస్తాను, నారు మాత్రం ఇవ్వను అంది పిల్ల. ఆ మాట విని చీకట్లో నాకు నవ్వొచ్చింది. అది కూడా లోపలే నవ్వుకున్నాను.

నాకు చదువు లేదు. ఈ అక్షరాలు ముసలితనంలో మనవరాలి పలక మీద దిద్దుకున్నవి. అయితే విన్నది పోనివ్వను. రాత్రికి ఒక పాయ చొప్పున పట్టేదాన్ని. పగలు బియ్యం దంచేటప్పుడు రోకటి పోటుకి ఒక మాట చొప్పున లోలోపల తిప్పుకునేదాన్ని. పెదవి కూడా కదపలేదు. ఆరిన నేల మీద పాడి నారు పాడు చేశానన్న మాట నాకెందుకు. మామ్మ మధ్యమధ్య "హుఁ" అని ఒక మూలుగు మూలిగేది. దగ్గో, మోకాలి పోటో అనుకుని దాన్ని వదిలేసి మాటలే పట్టుకున్నాను. ఆయన హాయిగా నిద్రపోయేవాడు. "ఈమధ్య ఒళ్ళు తేలిగ్గా ఉంటందే" అనేవాడు. రొమ్ము మీద కొత్త తోలు వచ్చింది.

కాకపోతే పొద్దున్నే నా చెవి చుట్టూ మసి. అత్త ఒకరోజు గడ్డం పట్టుకుని తిప్పి చూసింది.

"కాటుక కంటికి పెడతారు మా వైపు. మీ మెట్టలో చెవికి పెడతారేంటే?"

"దిష్టికి పెట్టుకున్నాను అత్తా."

"నీకు దిష్టి తగలకపోతే పోయింది, నా గొట్టంలో బూడిద మొత్తం నీ చెవిలోనే ఉంది."

ఏడు పాయలూ అయ్యేసరికి కామందు ఆకుమడిలో నారు పీకడం మొదలెట్టారు. ఆ రోజే అత్తకి చెప్పాను, పాట నేను ఎత్తుతానని. ఎక్కడ నేర్చావని అడిగింది. రేపు మడిలో పాడితే నమ్ముదువు గానిలే అన్నాను. జట్టులో ఆడవాళ్ళు నవ్వారు. మెట్ట కోడలికి నారుకీ గరికకీ తేడా ఈ మధ్యే తెలిసింది, అప్పుడే పాటకెక్కింది అన్నారు. అయినా ఇంకెవరున్నారు. నన్నే వరస మధ్యలో నిలబెట్టారు.

మొదటి రోజు నీళ్ళలో పాదం పెట్టి పాట ఎత్తాను. అప్పటిదాకా మనసులోనే ఉన్న పాట గొంతులోకి వచ్చేసరికి నాకే కొత్తగా వినబడింది. "దారియ్యవమ్మా" అని అందరూ అందుకున్నారు. మా అత్త తల తిప్పి నన్ను చూసింది, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క మాట తప్పలేదు. కానీ వరస తప్పింది. ఈ చివరి వాళ్ళు చరణం సగంలో ఉండగా వెనక్కి అడుగు వేస్తున్నారు, ఆ చివరి వాళ్ళు అయ్యాక వేస్తున్నారు. మధ్యలో ఉన్నవాళ్ళు ఎటూ కాక ఒకరి నారు మీద ఒకరు కాలు వేస్తున్నారు. మధ్యాహ్నానికి మా సగం మేక నడిచిన దారిలా ఉంది.

కామందు గట్టు మీద నిలబడి చూశారు. "ఏమ్మా, నారు వేస్తున్నారా, ముగ్గు వేస్తున్నారా?"

"ఆయ్, సరిచేసుకుంటామండి" అంది అత్త.

పదిబారల మేర పీకించి మళ్ళీ వేయించారు. అవతలి జట్టుకి పాట ఎత్తే ఆవిడ పొడుగ్గా, కంచు గొంతుతో ఉండేది. ఆవిడ మడి అవతల నుంచి కేకేసింది. "మెట్ట కోడలుగారూ, ఎన్ని పాయలు దాటేరండి? మునిగిపోతా ఉంటే చెప్పండి, పడవ పంపిత్తాం." వాళ్ళ జట్టంతా నవ్వింది. పొద్దు పోయేసరికి మేము వాళ్ళ కంటే ఏడెనిమిది వరసలు వెనక.

ఇంటికి వచ్చాక అందరూ కాళ్ళు కడుక్కుని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. పక్కింటావిడ మాత్రం పడవవాడికి కబురు పెట్టుకోవాలి అనుకుంటూ పోయింది. 

ఆ రాత్రి మళ్ళీ గొట్టానికి చెవి ఆనించాను. అవే మాటలు. నేను ఎక్కడ తప్పానో తెలియలేదు. ఏడుపు వచ్చింది. చప్పుడు లేకుండా ఏడుద్దామనుకున్నాను కానీ నులక మంచం ఏడుపు దాచనివ్వదు, వెక్కివెక్కికీ ఊగుతుంది. ఆయన లేచాడు.

"ఏంటే?"

ఇక దాచి ప్రయోజనం లేదు. గొట్టం దగ్గరనుంచి మొత్తం చెప్పాను, చెవిలో గుసగుసగా. "పాట వచ్చింది మావా. అడుగు కలవట్లేదు. నీ నిద్ర కూడా చెడగొట్టేను."

ఆయన నా మీదుగా వంగి గొట్టానికి చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తరవాత నా భుజం మీద తట్టాడు.

"మధ్యలో హుఁ అంటంది చూడు, అదేంటి?"

"దగ్గు."

"దగ్గు కాదే. చెట్టెక్కేటప్పుడు బందం పైకి లాగినప్పుడల్లా నేననేది అదే. కాలు కదిపేటప్పుడు వచ్చే మూలుగు అది. విను, రెండు చరణాలకోసారి అంటంది, ఒకే చోట."

నేను విన్నాను. పాయమ్మ పాయమ్మ దారియ్యవమ్మా, హుఁ. మళ్ళీ రెండు చరణాలు, హుఁ. పక్క మీద పడుకుని కూడా ముసలావిడ వెనక్కి అడుగు వేస్తోంది. ఆ అడుగు వేయమనే మూలుగుకే పాతికమంది కాళ్ళు ఇన్నేళ్ళు కదిలాయి. పాదాలు విన్నాయి, చెవులు పట్టించుకోలేదు. అందుకే అత్తకి కూడా తెలియలేదు. నేను మాటలన్నీ పట్టుకుని కాళ్ళు వదిలేశాను.

"రేపు దింపు మధ్యాహ్నం మొదలెడతాలే. నువ్వు విను" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి గుర్రు పెట్టాడు. ఆయన మధ్యలో లేచి మళ్ళీ నిద్రపోవడం నేను చూసింది ఆ రాత్రే.

రెండో రోజు నీళ్ళలో దిగి ముందుగా జట్టుకి ఒకటే మాట చెప్పాను. "నేను హుఁ అన్నప్పుడే కాలు తియ్యండి. నా పాట నచ్చకపోయినా, కాలు మాత్రం అప్పుడే తియ్యండి."

పాట ఎత్తాను. రెండు చరణాలకి చేతులు కుడి నుంచి ఎడమకి నారు గుచ్చుకుంటూ వెళ్ళాయి. హుఁ అన్నాను. పాతిక జతల కాళ్ళు ఒక్కసారి బురదలోంచి లేచిన చప్పుడు అయింది. ఆ చప్పుడు నేను ఎప్పటికీ మరిచిపోను. ముందరి నారు తాడు కట్టినట్టు నిలబడింది. మా అత్త వంగినది వంగినట్టే ఉండి, "అదేనే. అదే మామ్మ నడక" అంది.

మరి ఆగలేదు. రెండో పాయలో పిల్ల ఉంగరం ఇచ్చింది, మూడో పాయలో ముక్కెర ఇచ్చింది. నారు మాత్రం ఇవ్వలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వెనకబడిన వరసలు పూడ్చేశాము. వాన పడింది, తాటాకు గొడుగులు కూడా వేసుకోలేదు. నాలుగో పాయలో ఉండగా అవతలి ఆవిడ పాట అయిపోయింది. ఆవిడ మళ్ళీ మొదటినుంచి ఎత్తింది. పొద్దున్న విన్న పాటే అయ్యేసరికి వాళ్ళ జట్టులో ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుని లేచి నిలబడింది. ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరు లేచారు. మాకు అప్పుడు పిల్ల అయిదో పాయలో మెడలోతు నీళ్ళలో ఉంది. ఆ పిల్ల ఏమవుతుందో తెలియకుండా మా వాళ్ళెవరు లేస్తారు. చుట్ట తాగకుండా గంట ఉండలేని మా చిన్నత్త కూడా లేవలేదు.

ఏడో పాయ దాటి పిల్ల ఒడ్డు ఎక్కేసరికి నా మడమలకి గట్టు తగిలింది. అవతల ఇంకా నాలుగు వరసల నీళ్ళు ఖాళీగా మెరుస్తున్నాయి.

కామందు గట్టు పొడుగునా నడిచి చూసుకుంటూ వచ్చారు. ఒక కన్ను మూసి వరసల వెంట చూశారు.

"ఇవాళ వేసింది మీరేనా?"

"ఆయ్, మేమేనండి" అంది అత్త.

"ఎల్లుండి నుంచి నా చేలన్నీ మీవే. నిన్నటి ముగ్గు కూడా మీరే సరిచేసుకోండి."

అవతలి ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి కాలవ దగ్గరికి వచ్చింది. నా పక్కనే దిగింది. కాలి బురద తోముకుంటూ అంది, "ఆఖరి పాయలో ఆ పిల్ల ఏమిచ్చిందే? అంత దూరం సరిగ్గా వినపళ్ళేదు."

"మీ పడవ పంపితే వచ్చి చెప్తాను వదినా" అన్నాను. ఆవిడ నీళ్ళు నా మొహాన చల్లి పకపకా నవ్వింది. చెప్పాను కూడా.

ఇంటికి వెళ్ళగానే అత్త మామ్మ చెవి దగ్గర అరిచింది. "గెలిచేం అత్తా. ఏడు పాయల పాటతోనే."

"ఎవరెత్తేరు?"

"నీ మనవడి పెళ్ళాం."

"దానికెవరు చెప్పేరు?"

నేను దగ్గరగా కూర్చున్నాను. "నువ్వే మామ్మా. రాత్రిళ్ళు మనసులో అనుకుంటావు కదా, అది నాకు వినపడింది."

ఆవిడ నన్ను నమ్మిందో లేదో తెలియదు. చెయ్యి చాపి నా పాదాలు తడిమింది. వేళ్ళ సందుల్లో బురద తగిలింది.

"తడి కాళ్ళతోనే ఎత్తేవా?"

"ఆయ్. తడి కాళ్ళతోనే."

"అయితే సరే" అంది. నా పాదం వదలకుండా, "అయిదో పాయ దగ్గర గొంతు పెంచాలి. పెంచేవా?" అంది.

మర్నాడు తెల్లవారేసరికి మా వాకిట్లో నలుగురు రైతులు నిలబడి ఉన్నారు, మా మడికంటే మా మడికని. అత్త వాళ్ళతో మాట్లాడుతూ నన్ను పక్కన నిలబెట్టుకుంది. ఆ ఏడు మా పేట నుంచి కూలి కోసం ఒక్క ఆడది కూడా పడవెక్కలేదు.